పగడాలరేవు ఓడలో రెండు వాటాలు

అనగనగా ఒక సముద్రం. ఆ సముద్రానికి ఒక రేవు, ఆ రేవుకు ఒక ఊరు. ఊరి పేరు పగడాలరేవు.

పగడాలరేవులో ఎవరి చేతులు చూసినా రంగే. కొందరి చేతులకు చాయవేరు ఎరుపు, కొందరి చేతులకు నీలిమందు నీలం. ఆ ఊరివాళ్ళు అద్దిన బట్టలంటే సముద్రం అవతలి రాణులు ప్రాణం పెట్టేవారు. ఇంత పేరున్నా ఊళ్ళో ఒక్క ఇంటి కప్పు సరిగా ఉండేది కాదు. ఎందుకంటే, రేవులో ఓడలన్నీ ఒక్కడివే.

అతని పేరు భద్రగుప్తుడు. పది బట్టలు ఓడ ఎక్కిస్తే నాలుగు బట్టలు కేవు కింద, అంటే ఓడ కూలి కింద, అతనే ఉంచుకునేవాడు. ఇదేం అన్యాయమని ఎవరైనా అడిగితే నవ్వేవాడు.

"ఇష్టమైతే ఎక్కించండి. లేకపోతే మీ మూటలు మీరే నెత్తిన పెట్టుకుని ఈదుకుంటూ పోండి" అనేవాడు.

ఆ ఊళ్ళోనే తిప్పమ్మ అనే అద్దకం పనివారి ఆడపడుచు ఉండేది. ఆమె భర్త కోటయ్య. కోటయ్య మెత్తని మనిషి. ఎవరు గట్టిగా మాట్లాడినా అవునవును అనేవాడు. తిప్పమ్మ అలా కాదు. ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళనే ఎందుకని అడిగేది.

ఒకనాడు, భద్రగుప్తుడి ఓడలు నడిపి నడిపి వయసు మళ్ళిన సరంగు బంగారయ్య ఊరివాళ్ళందరినీ ఇసుక మీద కూర్చోబెట్టాడు.

"మనమే ఒక ఓడ కట్టుకుందాం" అన్నాడు.

అందరూ నవ్వారు. ఓడ కట్టడమంటే మాటలా? ఊళ్ళో ఎవరి దగ్గరుంది అంత సొమ్ము?

"ఒక్కరి దగ్గర లేదు. అందరి దగ్గరా తలా కాస్త ఉంది" అన్నాడు బంగారయ్య. "ఓడను నూరు వాటాలు చేద్దాం. వాటాకు ఒక రాగి బిళ్ళ. బిళ్ళ మీద ఎవరి పేరు చెక్కి ఉంటే ఆ వాటా వారిది."

తిప్పమ్మ లేచి నిలబడింది. "బాబాయీ, నేను ఒక వాటా కొన్నాననుకో. ఓడలో నాకు ఏ ముక్క వస్తుంది? తెరచాప గుడ్డా, చుక్కాని కొయ్యా?"

"ఏ ముక్కా రాదమ్మా. మొత్తం ఓడలో నూరో వంతు నీది. లాభం వస్తే అందులో నూరో వంతు నీ ఇంటికి వస్తుంది. దాన్నే లాభాంశం అంటారు. ఓడ ఏ దేశం పోవాలి, ఏ సరుకు మొయ్యాలి అని సభలో తేల్చేటప్పుడు నీ బిళ్ళకు ఒక మాట ఉంటుంది. సభకు రాని బిళ్ళకు మాట లేదు."

"ఓడ మునిగితే?"

"బిళ్ళ పోతుంది. నువ్వు పెట్టింది పోతుంది. అంతకు మించి నీ ఇంటి మీదికి ఎవడూ రాడు."

"మునగదని చెప్పవేం మరి?"

"సముద్రం నా మాట వినదమ్మా" అన్నాడు బంగారయ్య.

ఆ మాట తిప్పమ్మకు నచ్చింది. మునగనే మునగదని ఒట్టేసి ఉంటే ఆమె లేచి ఇంటికి పోయేదే.

ఇంటికి రాగానే కోటయ్య దాచుకున్నదంతా మూట విప్పాడు. "మొత్తం ఓడలో పెట్టేద్దామే! ఒక్క దెబ్బతో గట్టెక్కుతాం."

తిప్పమ్మ ఆ సొమ్మును మూడు కుప్పలు చేసింది. ఒక కుప్ప వచ్చే వానాకాలం దాకా తిండిగింజలకు. రెండో కుప్ప కొత్త రంగు కాగులకు. మూడో కుప్ప ఓడకు. దానికి రెండు వాటాలు వచ్చాయి.

"రెండేనా?" అన్నాడు కోటయ్య దిగులుగా.

"ఓడ మునిగితే కాగులుంటాయి. కాగులు పగిలితే ఓడ ఉంటుంది. రెండూ పోతే గింజలుంటాయి. అన్నీ ఒకే గాలికి ఎగిరిపోయేలా పెట్టుకున్నవాడికి ఆకాశంలో మబ్బు కనబడితే చాలు, నిద్ర పట్టదు" అంది తిప్పమ్మ.

పొరుగింటి కంచరి సోమన్న అలా అనుకోలేదు. అతను తన చేతిలో ఉన్నదంతా పెట్టాడు. చాలలేదు. భద్రగుప్తుడి దగ్గరే అప్పు తెచ్చి మరీ పెట్టాడు. అతనికి పది బిళ్ళలు వచ్చాయి. బిళ్ళల మీద పేర్లు చెక్కింది కూడా సోమన్నే కాబట్టి, తన పేరు మాత్రం కొంచెం పెద్ద అక్షరాలతో చెక్కుకున్నాడు.

ఓడ తయారైంది. బంగారయ్య చుక్కాని పట్టాడు. ఊరి బట్టలన్నీ ఎక్కించుకుని వెళ్ళింది, మిరియాలూ లవంగాలూ నింపుకుని తిరిగి వచ్చింది. బిళ్ళ ఉన్న ప్రతి ఇంటికీ లాభాంశం వచ్చింది. వచ్చిన లాభమంతా పంచలేదు. కొంత ఓడ కోసమే ఉంచారు. "అంతా తినేస్తే చిరిగిన తెరచాపకు గుడ్డ ఎవరిస్తారు?" అన్నాడు బంగారయ్య. కొందరు గొణిగారు. తిప్పమ్మ గొణగలేదు.

ఆ ఊరి అద్దకం పనివాళ్ళు పుట్టి బుద్ధెరిగాక కేవు కింద నాలుగు బట్టలు వదులుకోకుండా సరుకు పంపడం అదే మొదటిసారి. ఆ ఏడు ఊళ్ళో చాలా ఇళ్ళకు కొత్త తాటాకు కప్పు పడింది.

భద్రగుప్తుడి ఓడలు ఖాళీగా ఒడ్డున ఊగుతున్నాయి. అతను మేడ మీద నిలబడి ఊరి ఓడను చూశాడు. దాన్ని ముంచడం కన్నా కొనడం తేలిక అనుకున్నాడు. నూరు బిళ్ళల్లో సగం కన్నా ఎక్కువ చేతికొస్తే సభలో తన మాటే నెగ్గుతుంది. ఓడను తనకే అమ్మించుకుని ఒడ్డున పడేస్తే చాలు. మళ్ళీ పదికి నాలుగు!

కానీ తన పేరుతో కొంటే ఊరు మేలుకుంటుంది. అందుకని తన పల్లకీ మోసే బోయీల పేర్లు, తోటమాలుల పేర్లు, వంటవాళ్ళ పేర్లు పెట్టి కొనమని దళారిని పంపాడు. దళారి అంటే అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి, ఇద్దరి దగ్గరా కాస్త పుచ్చుకునేవాడు.

దళారి అంగట్లో గొడుగు పాతి కూర్చున్నాడు. మొదట ఆశ చూపాడు.

"బిళ్ళకు రెండింతలు! రెండింతలు!" అని అరిచాడు. మర్నాడు మూడింతలు అన్నాడు. అరుపు పెరిగిన కొద్దీ ఊరికి వెర్రి పట్టింది. కొందరు అమ్మారు. అమ్మినవాళ్ళను చూసి మరికొందరు అమ్మారు. ఇంకా పెరుగుతుందని కొందరు పొరుగువాడి దగ్గరే కొన్నారు. ఓడ ఎక్కడుందో, ఏం మోస్తోందో ఒక్కరూ అడగలేదు.

దళారి తిప్పమ్మ ఇంటికి వచ్చాడు. ఆమె కాగు ముందు నిలబడి బట్ట తిరగేస్తోంది.

"తిప్పమ్మక్కా, నీ రెండు బిళ్ళలకూ మూడింతలు ఇస్తాను. ఇంత ధర మళ్ళీ రాదు."

"ఎవరు కొంటున్నారు?"

"ఎవరైతే నీకెందుకు? ధర చూసుకో."

"ఎవరు కొంటున్నారో చెప్పని బేరం నాకొద్దు. మా బట్టలు మోసే ఓడ అది. రేపు ఆ ఓడ ఎవరి చేతికి పోతుందో తెలియకుండా అమ్మితే, నా చేత్తో నేనే నా బట్ట చించుకున్నట్టు. పో!" అంది.

కోటయ్య గుమ్మంలో నిలబడి మూడింతలు వెళ్ళిపోవడం చూశాడు. ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

ఓడ రెండోసారి బయలుదేరింది. తిరిగి రావలసిన పున్నమి వచ్చింది. ఓడ రాలేదు. సముద్రం మీద గాలివాన రేగిందని మాట.

దళారి ఇప్పుడు భయం చూపాడు. విరిగిన పలక ఒకటి తెచ్చి అంగడి నడుమ పెట్టాడు. "మునిగింది! ఊరి ఓడ మునిగింది! ఇదిగో దాని పలక!"

మూడింతలున్న ధర మర్నాటికి సగమైంది. సాయంత్రానికి సగంలో సగం. అంగట్లో ఏడుపులు, తోపులాటలు. భద్రగుప్తుడి మనుషులు సోమన్న గుమ్మం ముందు కూర్చుని అప్పు కట్టమన్నారు. పాపం సోమన్నకు ఆగే దారి లేదు. పది బిళ్ళలూ పుట్నాలకు అమ్మినట్టు అమ్మేశాడు. కొలిమి కూడా పోయింది. తన పేరును తనే అరగదీసి ఆ చోట ఎవరో తోటమాలి పేరు చెక్కాడు.

కోటయ్య తిప్పమ్మ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. "వచ్చిందే చాలు, అమ్మేయవే. రేపు అదీ రాదు."

"ముందు చూసి వద్దాం పదవయ్యా" అంది తిప్పమ్మ.

ఇద్దరూ తీరం వెంట నడిచి, దూరాన ఉన్న పట్టపు పాలేనికి పోయారు. అక్కడి జాలరులు ఆ దిక్కునే వేటకు వెళ్ళివస్తారు. తిప్పమ్మ ప్రతి పడవ దగ్గరా ఆగి అడిగింది. గాలివాన వచ్చింది నిజమే అన్నారు. ఓడ మునగడం తాము చూడలేదన్నారు. పలక దొరికిందని తమకు తెలియనే తెలియదన్నారు.

వెనక్కి వచ్చి తిప్పమ్మ నేరుగా అంగట్లోకి నడిచింది. గొడుగు కింద దళారి అరుస్తూనే ఉన్నాడు.

"ఏమయ్యా దళారీ! ఈ పలక ఎవరికి దొరికింది?"

"జాలరులకు."

"ఏ పాలెం జాలరులకు?"

దళారి పలకను గొడుగు వెనక్కి జరిపాడు.

"సరే, అది వదిలెయ్. ఓడ మునిగిందంటున్నావు. మునిగిన ఓడ బిళ్ళ రాగి ముక్కకు సమానం. మరి పొద్దుటి నుంచీ నువ్వు బిళ్ళలు కొంటూనే ఉన్నావే? సముద్రం అడుగున ఉన్న ఓడతో మీ యజమాని ఏం చేసుకుంటాడు?"



తిప్పమ్మ జనం వైపు తిరిగింది. "ఓడ తేలుతోందని నేను చెప్పడం లేదు. నాకూ తెలియదు. మునిగితే నావి రెండూ మునిగినట్టే. ఇంటికెళ్ళి ఏడుస్తాను. కానీ తెలిసి ఏడుస్తాను. వీడు ఏడవమన్నాడని ఏడవను, వీడు అమ్మమన్నాడని అమ్మను!"

బిళ్ళ చేతిలో పట్టుకుని వరుసలో నిలబడ్డ ఒక ముసలమ్మ, బిళ్ళను కొంగుకు ముడి వేసుకుని ఇంటిదారి పట్టింది. ఆమె వెనక ఇంకొకడు. ఆ వెనక ఇంకొకడు. గొడుగు కింద దళారి ఒక్కడే మిగిలాడు.

కొన్నాళ్ళకు ఓడ వచ్చింది. తెరచాప కొయ్య విరిగింది, తెరచాప చీలికలైంది, కానీ ఓడ తేలుతోంది. సరుకు చాలావరకు క్షేమం. రేవంతా కేకలు. ఆ కేకల్లో సోమన్న గొంతు లేదు. అతను ఒడ్డున ఒక మూల కూర్చుని, తనది కాని ఓడను చూస్తున్నాడు.

అప్పటికి భద్రగుప్తుడి మనుషుల పేర్లతో యాభై బిళ్ళలు పోగయ్యాయి. మిగిలిన యాభై ఊరి చేతిలో ఉన్నాయి. ఇంకొక్కటి కావాలి. కానీ అంగట్లో ఆ రోజు తరువాత ఎవరూ అమ్మడం లేదు. తిప్పమ్మ ఒక్కతి వంగితే మిగిలినవాళ్ళు తమంత తామే వంగుతారని అతను లెక్క వేశాడు. ఆశ పనిచేయలేదు, భయం పనిచేయలేదు. ఇక మిగిలింది అధికారం.

రాజుగారి గజశాలలో సగం ఏనుగులు భద్రగుప్తుడు కానుక ఇచ్చినవే. కనుక తిప్పమ్మకు రాజుగారి దగ్గర నుంచి పిలుపు వచ్చింది.

రంగు చేతులతోనే ఆమె కొలువుకు వెళ్ళింది. రాజు సింహాసనం మీద ఉన్నాడు. పక్కనే భద్రగుప్తుడు.

"తిప్పమ్మా, రెండు రాగి ముక్కల కోసం ఇంత పంతమేమిటి?" అన్నాడు రాజు.

"మహారాజా, రెండు రాగి ముక్కల కోసం భద్రగుప్తుడుగారు తమదాకా ఎందుకు వచ్చారు?"

కొలువులో ఎవరో దగ్గారు. రాజు ముఖం ఎర్రబడింది.

"ఇవ్వమని మేము ఆజ్ఞాపిస్తే?"

తిప్పమ్మ చేతులు చీర కుచ్చెళ్ళలో దాచుకుంది. కానీ గొంతు మాత్రం దాచుకోలేదు.

"ఆజ్ఞాపిస్తే తమ భటులు తీసుకోగలరు ప్రభూ. నా చేతులు చిన్నవి. కానీ నేను ఇచ్చానని మాత్రం అనకండి. లాక్కున్నామని దండోరా వేయించండి. ఆ దండోరా విన్నాక ఈ రాజ్యంలో ఎవడూ ఇంకొకడితో కలిసి ఓడ కట్టడు, కొట్టు తెరవడు. తన పేరు చెక్కింది తనది కాదని తెలిశాక, ఎవడు ఎందులో పెడతాడు? అప్పుడు రేవుకు సుంకం కట్టేవాడు ఈయన ఒక్కడే మిగులుతాడు. రేపు సుంకం ఎంత కట్టాలో కూడా ఈయనే తమకు చెబుతాడు."

రాజు భద్రగుప్తుడి వైపు చూశాడు. ఏనుగులు గుర్తుకొచ్చాయి. సుంకమూ గుర్తుకొచ్చింది.

"వాటాదారుల సభ పెట్టండి. ఓడను అమ్మాలో ఉంచాలో బిళ్ళలే చెబుతాయి. ఎవరి పేరున్న బిళ్ళ వారే వచ్చి వెయ్యాలి. రెండు వైపులా సమానమైతే మేము తీర్పు చెబుతాం" అన్నాడు.

భద్రగుప్తుడు లోలోపల నవ్వుకున్నాడు. సమానమైతే తీర్పు ఎటు పోతుందో అతనికి తెలుసు. పైగా ఊళ్ళో ఒక మాట వదిలాడు. తనకు ఎదురుగా బిళ్ళ వేసినవాడి బట్ట ఇక ఎన్నటికీ తన ఓడ ఎక్కదని.

సభనాడు రేవులో రెండు గంపలు పెట్టారు. కుడి గంప అమ్మేవారిది, ఎడమ గంప ఉంచేవారిది. చుట్టూ భటులు. రాజు గొడుగు కింద కూర్చున్నాడు.

ఊరివాళ్ళు వస్తారా రారా అని తిప్పమ్మకు లోపల గుబులు. కానీ మొదట వచ్చింది కొంగున బిళ్ళ ముడి వేసుకున్న ఆ ముసలమ్మే. ఆమె వెనక ఒక్కొక్కరే వచ్చారు. కోటయ్య కూడా వచ్చి తిప్పమ్మ పక్కన నిలబడ్డాడు. ఎడమ గంపలో యాభై బిళ్ళలు పడ్డాయి.

తరువాత వంటవాళ్ళు, తోటమాలులు, బోయీలు వచ్చారు. తలలు దించుకుని కుడి గంపలో వేశారు. నలభై తొమ్మిది పడ్డాయి. చివరిది పల్లకీ బోయీ పైడయ్య చేతిలో ఉంది.

పైడయ్య గంపల మధ్య ఆగిపోయాడు.

"వెయ్యరా!" అన్నాడు భద్రగుప్తుడు.

పైడయ్య బిళ్ళను తిప్పి చూశాడు. దాని మీద ఉన్నది తన పేరేనని అతనికి తెలుసు. జీవితంలో తన పేరు చెక్కిన వస్తువు అతని చేతికి రావడం అదే మొదలు. అతని భార్య కూడా అద్దకం పనే చేస్తుంది. ఏటా ఆమె అద్దిన పది బట్టల్లో నాలుగు ఎక్కడికి పోయేవో అతనికి తెలుసు. ఆ నాలుగూ మోసుకుపోయిన మనిషి పల్లకీని తను భుజం మీద మోశాడు.

రాజు ముందు వణకని గొంతు ఒకటి ఉందని ఊరంతా చెప్పుకుంటూ ఉంటే పైడయ్య కూడా విన్నాడు.

ఎడమ గంపలో టంగుమని చప్పుడైంది.

"అది నాది!" అని భద్రగుప్తుడు లేచాడు. "నా సొమ్ముతో కొన్న బిళ్ళ అది!"

రాజు బిళ్ళ తెప్పించి చూశాడు. "దీని మీద పైడయ్య అని ఉంది. నీదైతే నీ పేరు ఎందుకు లేదు?"

ఊరిని మోసగించడానికి పేరు దాచానని రాజు ముందు ఎలా చెబుతాడు? భద్రగుప్తుడు తిరిగి కూర్చున్నాడు.

"ఓడ ఊరిది" అన్నాడు రాజు.

రేవు దద్దరిల్లింది. పైడయ్య మాత్రం భుజం మీది గుడ్డ తీసి ఇసుక మీద పరుచుకుని కూర్చున్నాడు. "ఇక మోయను" అన్నాడు. మర్నాటి నుంచి తిప్పమ్మ కాగుల దగ్గర పనికి వచ్చాడు.

అంతటితో అంతా పాలూ తేనే అయిపోలేదు పిల్లలూ. ఆ ఏడు వచ్చిందంతా కొత్త కొయ్యకూ తెరచాపకూ పోయింది. లాభాంశం ఒక్క గవ్వ కూడా రాలేదు.

"గెలిచి మనకేం ఒరిగిందే?" అన్నాడు కోటయ్య.

"భద్రగుప్తుడు ఇప్పుడు పదికి ఒక్క బట్టే కేవు అడుగుతున్నాడు, తెలుసా? అదీ బతిమాలి మరీ" అంది తిప్పమ్మ.

కోటయ్య ఆలోచించి, ఆ రోజు రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

తరువాతి ఏళ్ళలో కొన్ని మంచి ఏళ్ళు వచ్చాయి, కొన్ని చెడ్డవి వచ్చాయి. సోమన్న కూలికి కుదిరి, మళ్ళీ కొలిమి పెట్టుకుని, ఒక్క బిళ్ళ కొన్నాడు. ఈసారి ఎవరి దగ్గరా అప్పు చేయలేదు.

చాలా కాలానికి తిప్పమ్మ కూతురు సొంతంగా అద్దకం పెట్టుకుంటానంది. కాగులు కావాలి, కొట్టు కావాలి. తిప్పమ్మ ఒక బిళ్ళ తీసుకుని అంగడికి పోయింది. తన ధర తను చెప్పింది. ఆ ధర వచ్చేదాకా ఎండలో కూర్చుని, వచ్చాక అమ్మింది.

దళారి ఆశ్చర్యపోయాడు. "ఏం తిప్పమ్మక్కా! మూడింతలు ఇస్తానన్నా అమ్మలేదు. రాజు అడిగినా ఇవ్వలేదు. ఇవాళ నీ అంతట నువ్వే వచ్చి అమ్ముతున్నావే?"

తిప్పమ్మ సొమ్ము కొంగున ముడి వేసుకుంటూ అంది. "ఆనాడు నువ్వు నా చేత అమ్మించాలనుకున్నావు. ఈనాడు నేను అమ్మాలనుకున్నాను."

కనుక పెద్దలు చెప్పే నీతి ఇది: తెలిసి కొన్నవాణ్ణి ధర ఊపలేదు, అప్పు లేనివాడి చేత భయం అమ్మించలేదు, తనది ఏదో ఎరిగినవాడు రాజు ముందైనా తల దించడు.